"ఎందుకు ప్రభువా?" అని అడగడం అవిశ్వాసమా? ఒక సహోదరి ప్రశ్నకు జవాబు

సహోదరీ, మీరు రాసినది రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివాక వెంటనే జవాబు రాయబుద్ధి కాలేదు. కాసేపు మీ ఇద్దరి కోసం ప్రార్థన చేసి, ఆ తర్వాతే ఇది మొదలుపెట్టాను.

మీ పరిస్థితి నాకు అర్థమైనంతలో ఇది. ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని మీ భర్త ఎనిమిది నెలలుగా మంచం మీద ఉన్నారు. ఆయన్ని చూసుకోవడానికి మీరు ఉద్యోగం మానేశారు. సంఘం నుంచి ఒకరు వచ్చి, "దాచుకున్న పాపం ఏదో ఉండి ఉంటుంది, దేవుని ముందు తగ్గించుకోండి" అన్నారు. ఇంకొకరు "అన్నీ మేలుకే, స్తోత్రం చెప్పండి" అని వెళ్లిపోయారు. రాత్రి ఆయన నిద్రపోయాక మీకు దేవుని మీద కోపం వస్తోంది, ఆ కోపానికి మళ్లీ భయం వేస్తోంది. మీరు అడిగినవి మూడు: ఈ కోపం పాపమా? తగ్గించుకోవడం అంటే అసలు ఏమిటి? ఆయన పక్కన కూర్చుని ఏమని ప్రార్థించాలి?

నేను వేదాంత పండితుణ్ణి కాను. ముప్పై ఏళ్లకు పైగా సంఘ పెద్దగా ఆసుపత్రి మంచాల పక్కన కూర్చున్నాను, సమాధుల దగ్గర నిలబడ్డాను. నా ఇంటి మీదికీ ఒకసారి కష్టం వచ్చింది, దాని గురించి తర్వాత చెబుతాను. తెలిసినంతలో రాస్తున్నాను.

ముందుగా ఆ "దాచుకున్న పాపం" మాట. దాన్ని మీ మనసులోంచి తీసేయండి. ఈ మాట కొత్తది కాదు. బైబిలులో యోబు అనే నీతిమంతుడు అన్నీ పోగొట్టుకున్నప్పుడు అతని స్నేహితులు అన్నదే. వాళ్లు వచ్చినప్పుడు మొదట చేసిన పని మాత్రం చాలా గొప్పది. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాట కూడా మాట్లాడకుండా అతనితో పాటు నేల మీద కూర్చున్నారు. నోరు తెరిచాకే అంతా పాడైంది. అధ్యాయాల తరబడి వాదించి, "నువ్వేదో చేసి ఉంటావు, అందుకే ఇలా జరిగింది" అని తేల్చారు. చివరికి 42వ అధ్యాయంలో దేవుడు ఎవరి మీద కోపించాడో చూడండి. తనతో వాదించిన యోబు మీద కాదు. తన తరఫున వకాల్తా పుచ్చుకుని మాట్లాడిన ఆ స్నేహితుల మీద.

యేసు ప్రభువు దగ్గరికీ ఈ ప్రశ్న వచ్చింది. పుట్టు గుడ్డివాణ్ణి చూసి, "వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులు చేశారా?" అని శిష్యులు అడిగారు. ఇద్దరూ కాదన్నాడు ఆయన. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్లు మిగతా వాళ్లకంటే పాపులని అనుకుంటున్నారా అని ఆయనే ఎదురు అడిగి, కాదని తానే చెప్పాడు. పాపానికి ఫలితాలు ఉండవని నేను అనడం లేదు. మత్తులో బండి నడిపినవాడికి ప్రమాదం జరిగితే కారణం కళ్ల ముందే ఉంటుంది. కానీ ఒక మనిషి మంచం మీద పడ్డాడు కాబట్టి వెనక ఏదో పాపం ఉందని లెక్కకట్టే అధికారం ఏ సంఘ పెద్దకూ లేదు, నాకూ లేదు. మీ దగ్గరికి వచ్చినాయన తెలియక అని ఉంటారు. ఆయన్ని క్షమించండి, ఆ మాటను మాత్రం నమ్మకండి.

"అన్నీ మేలుకే" అన్న మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. యోసేపు తన అన్నలతో, మీరు నాకు కీడు తలపెట్టారు, దేవుడు దాన్ని మేలుకు మళ్లించాడు అన్నాడు, నిజమే. ఆ మాట ఎవరి నోటి నుంచి, ఎప్పుడు వచ్చిందో గమనించండి. అతను పదిహేడేళ్ల వయసులో కథలోకి వస్తాడు. అన్నలు గుంటలో పడేస్తారు, అమ్ముతారు, ఆ తర్వాత చెరసాల. ఫరో ముందు నిలబడేసరికి అతనికి ముప్పై ఏళ్లు. ఆ మాట అన్నది ఇంకా ఎన్నో ఏళ్లకు, తండ్రి కూడా పోయాక. తన జీవితం గురించి తనే అన్నాడు. గుంటలో ఉన్న పిల్లవాడి దగ్గరికి వెళ్లి పైనుంచి తొంగిచూసి "ఇదంతా మేలుకే తమ్ముడూ" అని ఎవరూ అనలేదు. మీ కథలో ఆ మాట అనవలసి వస్తే ఏదో ఒక రోజు మీరే అంటారు. ఇప్పుడు అనలేకపోతున్నందుకు మీ విశ్వాసానికి లోటేమీ లేదు.

ఇక మీ కోపం.

కీర్తనల గ్రంథంలో 150 కీర్తనలున్నాయి. వాటిలో దాదాపు మూడో వంతు విలాపాలు, మొరలు, ఫిర్యాదులు. వాటిని దేవుని ప్రజలు ఆరాధనలో పాడుకున్నారు. 13వ కీర్తనలో ఆరు వచనాలే ఉన్నాయి. మొదటి రెండింటిలోనే "ఎంతవరకు" అన్న ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది. 88వ కీర్తన అయితే ఇంకా కఠినం. మిగతా విలాప కీర్తనల్లో చాలావాటి చివర్లో ఎక్కడో ఒక వెలుగు గీత కనిపిస్తుంది. ఇందులో అది కూడా లేదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది. స్తోత్రం లేదు, సాక్ష్యం లేదు. ఆ మాటను లేఖనంలోంచి తీసేయకుండా అలాగే ఉంచిన దేవుడు మీ అర్ధరాత్రి మాటలకు కంగారు పడతాడని నేను అనుకోను.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. ఇశ్రాయేలీయులు అరణ్యంలో సణిగారు, దేవునికి కోపం వచ్చింది. దావీదు గుహల్లో మొరపెట్టాడు, దేవుడు విన్నాడు. రెండూ బాధలో వచ్చిన మాటలే. సణుగుడు దేవుని వెనక, ఆయన గురించి ఇతరులతో మాట్లాడుతుంది. మొర ఆయన ముఖం చూసి మాట్లాడుతుంది. మీరు రాత్రి కోపంతో అంటున్నారే, "నీకు కనిపించడం లేదా" అని, ఆ "నీకు" అన్న మాటలోనే మీ విశ్వాసం ఉంది. లేడని అనుకున్న వాణ్ణి ఎవరూ నిలదీయరు.

ఇప్పుడు తగ్గించుకోవడం. ఇక్కడ కొంచెం ఎక్కువ సేపు ఆగాలి, ఎందుకంటే ఈ మాట వల్ల నలిగిపోయిన మంచి విశ్వాసులను నేను చాలామందిని చూశాను.

మన భాషలోనే ఒక చిక్కు ఉంది. మామూలుగా మాట్లాడేటప్పుడు "దీనంగా చూశాడు" అంటే జాలిగొలిపేలా, దిక్కులేనట్టుగా చూశాడని అర్థం. బైబిలు చదివేటప్పుడు "దీనమనస్సు" అంటే గర్వం లేని మనసు. ఈ రెండూ కలిసిపోయి, దేవుని ముందు దీనులుగా ఉండటమంటే తలవంచుకుని, నోరు మూసుకుని, ఏది పడితే అది భరించడమని మనలో స్థిరపడిపోయింది. నిజానికి హెబ్రీ భాషలోనూ బాధపడేవాడికి వాడే "అనీ" అన్న మాట, దీనుడికి వాడే "అనావ్" అన్న మాట ఒకే ధాతువు నుంచి వచ్చినవే. అణగారిన స్థితిలో ఉన్నవాడు తన బలం మీద ఆశ వదులుకుని దేవుని వైపు తిరిగితే అది దీనత్వం. కష్టం దానంతటదే మనిషిని దీనుణ్ణి చేయదు. కొందరిని రాయిలా చేస్తుంది కూడా.

భూమి మీద అందరికంటే సాత్వికుడని, అంటే దీనమనస్సు గలవాడని, లేఖనం ఎవరి గురించి చెప్పింది? మోషే గురించి, సంఖ్యాకాండము 12వ అధ్యాయంలో. దాని ముందు అధ్యాయం తెరిచి చూడండి. అదే మోషే దేవునితో, ఈ ప్రజలందరినీ నేనొక్కణ్ణే మోయలేను, నాతో ఇలాగే చేసేటట్లయితే నన్ను చంపేయి అంటాడు. ఇంత మాట అన్నవాడినే తర్వాతి పుటలో అందరికంటే సాత్వికుడు అన్నారు. దేవుడు అతన్ని గద్దించలేదు. బరువు పంచుకోవడానికి 70 మంది పెద్దలను ఇచ్చాడు. "నా వల్ల కావడం లేదు" అని ఒప్పుకున్నవాడికి సహాయం వచ్చింది. నాకు తెలిసిన దీనత్వం ఇదే: ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోవడం. నేను దేవుణ్ణి కాను, నా బలానికి హద్దు ఉంది, ఇది ఎందుకు జరిగిందో నాకు తెలియదు, నాకు సహాయం కావాలి.

పేతురు తన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో, దేవుని బలిష్ఠమైన చేతి క్రింద దీనమనస్కులై ఉండండి అంటాడు. ఆ వెంటనే మీ చింత యావత్తు ఆయన మీద వేయండి అంటాడు. మనం వీటిని రెండు వేరు వేరు ఆజ్ఞలుగా చదువుకుంటాం. గ్రీకు మూలంలో ఇది ఒకే వాక్యం: మీ చింత ఆయన మీద వేస్తూ దీనులై ఉండండి. చింతను ఆయన మీద వేయడమే దీనులు కావడం. అంటే బరువంతా నా భుజాల మీదే ఉంచుకుని, పళ్ల బిగువున నవ్వుతూ, "దేవుని చిత్తం" అనడం పేతురు చెప్పిన దీనత్వం కాదు. ఒక్కోసారి అది గర్వమే. ఇది నేను పుస్తకాల్లో చదివి నేర్చుకున్నది కాదు.

నేను ఒక కార్యాలయంలో లెక్కలు చూసేవాణ్ణి. ఒక సంవత్సరం డబ్బు తేడా వచ్చింది, నేరం నా మీద పెట్టారు. విచారణ పద్నాలుగు నెలలు సాగింది. అన్ని నెలలూ జీతం లేదు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆదివారం ఆరాధనకు ఇస్త్రీ బట్టలు కట్టుకుని వెళ్లేవాణ్ణి. ఎవరైనా "ఎలా ఉన్నారు?" అంటే "దేవుని కృప" అనేవాణ్ణి. మౌనంగా భరిస్తున్నాను, క్రీస్తులా ఉన్నాను అనుకున్నాను. ఇంట్లో మాత్రం నా భార్యతో మాట్లాడటం తగ్గించేశాను. నా మీద నేరం మోపిన మనిషికి ఏదైనా జరగాలని రాత్రుళ్లు కోరుకునేవాణ్ణి, దాన్ని ప్రార్థన అని కూడా అనుకున్నాను.

ఒక రోజు మధ్యాహ్నం సంఘంలోని ఒక పెద్దావిడ చెప్పకుండా వచ్చారు. నా భార్యకు జ్వరం, మూడు రోజుల గిన్నెలు అలాగే పడి ఉన్నాయి. ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. కొంగు నడుముకు చుట్టి, కుళాయి తిప్పి, తోమడం మొదలుపెట్టారు. నేను వెనకాలే వెళ్లి, "వద్దమ్మా, మాకేమీ ఇబ్బంది లేదు" అన్నాను. ఆవిడ తల తిప్పలేదు. మాడిన గిన్నె అడుగును గీరుతూనే, "ఇబ్బంది లేనివాళ్ల ఇల్లు ఇలా ఉండదు నాయనా" అన్నారు. నేను ఆ వంటగది గుమ్మంలోనే కూర్చుండిపోయి ఏడ్చాను. ఆవిడ గిన్నెలన్నీ బోర్లించి, చేతులు తుడుచుకుని వచ్చి పక్కన కూర్చున్నారు. వాక్యం చెప్పలేదు. పెద్ద ప్రార్థనా చేయలేదు. "ప్రభువా, వీళ్లు నీ పిల్లలు" అన్నారు, అంతే.

నేను దీనత్వం అనుకున్నది పరువు కాపాడుకునే ప్రయత్నమని ఆ కుళాయి దగ్గర నాకు తెలిసింది. విచారణ తర్వాత నా పేరు నిర్దోషిగానే బయటికి వచ్చింది. కానీ నాలో మార్పు వచ్చింది తీర్పు వచ్చిన రోజున కాదు. గిన్నెలు తోమించుకున్న రోజున.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను: ఎనిమిది నెలల్లో మీరు ఎవరినైనా, ఏదైనా ఒక పని చేసిపెట్టమని అడిగారా? "మీ అవసరం ఏమిటో చెప్పండి" అని అందరూ అంటారు, దానికి జవాబు చెప్పడం ఎవరికైనా కష్టమే. పని చిన్నదిగా, స్పష్టంగా అడగండి. "బుధవారం సాయంత్రం రెండు గంటలు ఆయన దగ్గర కూర్చుంటారా, నేను నిద్రపోవాలి" అనండి. రాలేమన్నవాళ్లను తప్పుపట్టకండి, ఇంకొకరిని అడగండి. పౌలు చెరసాల నుంచి ఫిలిప్పీ సంఘానికి రాస్తూ, ఏ స్థితిలోనైనా తృప్తిగా ఉండటం నేర్చుకున్నానని చెప్పాడు. అందరం అక్కడ ఆగిపోతాం. రెండు మూడు వచనాలు దాటితే, అయినా మీరు నా శ్రమలో పాలు పుచ్చుకోవడం మంచి పని అంటాడు. తృప్తి ఉన్నవాడు కూడా సహాయం తీసుకున్నాడు, అందుకు సంతోషించాడు. గెత్సేమనే తోటలో యేసు ప్రభువు ముగ్గురిని వెంట తీసుకెళ్లి, నా ప్రాణం మరణమంత దుఃఖంలో ఉంది, నాతో కూడా మెలకువగా ఉండండి అని అడిగాడు. దేవుని కుమారుడికే తోడు కావాలనిపించింది. వాళ్లు నిద్రపోయారు, అది వేరే సంగతి. ఆయన అడగడం మాత్రం మానలేదు.

నిద్ర మాట వచ్చింది కాబట్టి శరీరం గురించి కూడా చెబుతాను. ఏలీయా ప్రవక్త కర్మెలు కొండ మీద బయలు ప్రవక్తలపై గెలిచిన తర్వాత పారిపోయి, ఎడారిలో ఒక చెట్టు కింద కూలబడి చావు కోరుకున్నాడు. దేవుడు అతనికి ముందు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి తినమన్నాడు. మళ్లీ పడుకున్నాడు, మళ్లీ లేపి తినమన్నాడు. దేవుడు అతనితో మాట్లాడింది హోరేబు కొండ చేరాకే. మీరు ఎనిమిది నెలలుగా సరిగ్గా నిద్రపోలేదని రాశారు. ఆత్మీయమైన చీకటి అని మీరు అనుకుంటున్న దానిలో కొంత నిద్రలేమి అయి ఉండవచ్చు. వైద్యుడికి చూపించుకోండి. ఆయన మందు ఇస్తే వేసుకోండి, అది విశ్వాసం తక్కువై చేసే పని కాదు. బతకడం ఎందుకు అన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే అది రాత్రా పగలా అని చూడకండి, వెంటనే దగ్గరివాళ్లలో ఒకరికి ఫోను చేయండి, ఆసుపత్రికి వెళ్లండి. ఆ ఆలోచన ఏలీయాకు వచ్చింది, మోషేకు వచ్చింది, యోబు తాను పుట్టిన దినాన్నే శపించాడు. వచ్చినందుకు సిగ్గుపడకండి. ఒంటరిగా మాత్రం దానితో ఉండకండి.

పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులో విలియం కూపర్ అనే కవి ఉండేవాడు. 1731లో పుట్టి 1800లో చనిపోయాడు. ఆయన రాసిన ఆరాధన గీతాలను ఇప్పటికీ సంఘాలు పాడతాయి. ఆయన జీవితకాలమంతా తీవ్రమైన మానసిక కుంగుబాటుతో బాధపడ్డాడు. 1773లో మళ్లీ కుప్పకూలాక దేవుడు తనను విడిచేశాడన్న భావన ఆయన్ని వదల్లేదు. ఆయన స్నేహితుడు జాన్ న్యూటన్ కూపర్ ఉంటున్న ఊరి పాదిరి. కూపర్‌ను తన ఇంట్లోనే ఏడాదికి పైగా ఉంచుకుని చూసుకున్నాడు. ఈ కథను సాక్ష్య సభల్లో ఎవరూ చెప్పరు, ఎందుకంటే చివర్లో గొప్ప విడుదల లేదు. నాకు మాత్రం ఇది చాలా ధైర్యం ఇచ్చింది. విశ్వాసం ఎప్పుడూ మనసులో ఒక హాయిగా కనిపించదు. కొన్నిసార్లు అది మన బదులు ఇంకొకరు పట్టుకుని నిలబడే తాడు. మీకు ప్రార్థన రాని రోజుల్లో సంఘం మీ తరఫున ప్రార్థించాలి. సంఘం ఉన్నదే అందుకు.

మీకు అన్యాయం చేసిన వారి విషయంలో ఏం చేయాలో మీరు నేరుగా అడగలేదు. అయినా ప్రమాదం చేసిన బండి యజమాని నష్టపరిహారం ఎగ్గొడుతున్నాడనీ, విశ్వాసులు కోర్టుకు వెళ్లకూడదని ఎవరో చెప్పారనీ ఒక వాక్యంలో రాశారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: న్యాయవాదిని కలవండి. కోర్టుకు వెళ్లకూడదని చెప్పినవారు కొరింథీయులకు పౌలు రాసింది గుర్తుపెట్టుకుని ఉంటారు. అది సంఘంలోని సహోదరులు ఒకరి మీద ఒకరు వ్యాజ్యమాడటం గురించి. అదే పౌలును ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి చెరసాలలో వేశారు. ఆ అర్ధరాత్రి అతను కీర్తనలు పాడాడు. తెల్లవారాక అధికారులు గుట్టుగా వదిలేయాలని చూస్తే, మేము రోమీయులం, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకురావాలి అన్నాడు. పాడినవాడూ అడిగినవాడూ ఒక్కడే. ప్రధాన యాజకుని ముందు బంట్రౌతు చెంప మీద కొట్టినప్పుడు యేసు ప్రభువు కూడా, నేను తప్పు మాట్లాడి ఉంటే చూపించు, సరిగా మాట్లాడి ఉంటే నన్నెందుకు కొడుతున్నావు అని అడిగాడు. ఎదురు కొట్టలేదు. ఊరుకోనూ లేదు. (మీకు సంబంధం లేకపోయినా చదివే మరొకరి కోసం రాస్తున్నాను: ఇంట్లో దెబ్బలు తినేవారిని "తగ్గించుకుని ఉండు" అని వెనక్కి పంపేవారు దేవుని పేరు వాడుకుని తప్పు చేస్తున్నారు. ముందు సురక్షితమైన చోటికి వెళ్లండి.)

పరిహారం అడగడం వేరు, పగ పెంచుకోవడం వేరు. మొదటిది మీ ఇంటి అవసరం. రెండోది మిమ్మల్ని లోపలి నుంచి తినేస్తుంది. దావీదు కొడుకు చేత తరమబడి పారిపోతుంటే షిమీ అనేవాడు రాళ్లు రువ్వుతూ శపించాడు. దావీదు వెంట ఉన్న అబీషై వాడి తల నరుకుతానన్నాడు. దావీదు వద్దన్నాడు. యెహోవా నా శ్రమను చూసి, ఈ శాపానికి బదులు మేలు చేస్తాడేమో అన్నాడు. ఆ "ఏమో" నాకు చాలా ఇష్టం. ఖచ్చితంగా చేస్తాడని కూడా అనలేదు, తీర్పును ఆయన చేతిలో పెట్టాడు. కానీ ఇదే దావీదు చనిపోయే ముందు సొలొమోనును పిలిచి, ఆ షిమీని నిర్దోషిగా వదలవద్దని చెప్పాడు. లేఖనం దాన్ని దాచలేదు. క్షమించామని అనుకున్నది ఏళ్ల తర్వాత మళ్లీ పైకి లేస్తుంది. లేచినప్పుడు మొదటి క్షమాపణ అబద్ధమని అనుకోకండి. మళ్లీ ఆయన చేతిలో పెట్టండి. నేను ఇప్పటికీ కొన్ని రోజులు అలా పెట్టవలసి వస్తుంది.

చివరిగా మూడో ప్రశ్న: ఆయన పక్కన కూర్చుని ఏమని ప్రార్థించాలి?

బాగుచేయమని అడగండి. సందేహించకుండా అడగండి. "నీ చిత్తమైతే" అన్న మాటను నిరాశ నుంచి తప్పించుకునే అడ్డుగా ముందే పెట్టుకోకండి. ప్రభువు గెత్సేమనే తోటలో మొదట ఈ శ్రమల గిన్నె నా నుంచి తొలగించు అన్నాడు, ఆ తర్వాతే నీ చిత్తం అన్నాడు. అదీ ఒక్కసారి కాదు, మూడుసార్లు అవే మాటలు చెప్పి ప్రార్థించాడు. పౌలు కూడా తన శరీరంలో ముల్లు అని తాను పిలిచిన బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. మీ భర్త లేచి నడుస్తారని నేను మాట ఇవ్వలేను. ఇచ్చేవారి దగ్గర జాగ్రత్తగా ఉండండి, ముఖ్యంగా అందుకు కానుక అడిగేవారి దగ్గర. ఏ జవాబు వచ్చినా అది మిమ్మల్ని ప్రేమించిన తండ్రి దగ్గర నుంచే వస్తుందని మాత్రం నా ప్రాణం పెట్టి చెప్పగలను.

మాటలు రాని రాత్రి చేయి పట్టుకుని 13వ కీర్తన పైకి చదవండి. అది కూడా కష్టమైతే "ప్రభువా" అని ఆపేయండి.

ఇంకొకటి. మీరు రాసినదంతా మీ భర్త కోసం మీరు ఏం చేయాలన్న దాని చుట్టూనే ఉంది. ఆయన ఏమంటున్నారో ఒక్క వాక్యం కూడా లేదు. చాలా ఏళ్ల క్రితం నేను చూడటానికి వెళ్లే ఒక సహోదరుడు మెడ కింద ఏమీ కదపలేని స్థితిలో ఉండేవాడు. వెళ్లినవాళ్లందరం ఆయన తల మీద చేయి పెట్టి ప్రార్థన చేసి, ఆమేన్ అని లేచి వచ్చేవాళ్లం. ఒకరోజు నేను లేవబోతుంటే, "అన్నయ్యా, అందరూ నాకోసం ప్రార్థన చేసి వెళ్తారు. మీ కోసం ఏం ప్రార్థించాలో నాకు ఎవరూ చెప్పరు" అన్నాడు. నాకు ముఖం చెల్లలేదు. మళ్లీ కూర్చుని నా కష్టం చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని, ఊపిరి అందక మధ్యలో ఆగుతూ, నా పేరు చెప్పి ప్రార్థించాడు. ఆ రోజు నుంచి ఆ గదికి వెళ్లిన ప్రతి ఒక్కరూ ఒక చీటీ మీద తమ అవసరం రాసి ఆయన దిండు పక్కన పెట్టేవారు. సాయంత్రం ఆయన కూతురు వాటిని ఒక్కొక్కటీ చదివి వినిపించేది. యోబు కూడా ఇంకా ఆ కష్టంలో ఉండగానే తన స్నేహితుల కోసం ప్రార్థించాడు.

మీ భర్త వెన్నెముక దెబ్బతింది. ఆయన మీ ఇంటి యాజకుడిగా ఉండటం ఆగిపోలేదు. ఈ రాత్రి మంచం పక్కన కూర్చున్నప్పుడు మీరు మొదలుపెట్టకండి. మీకు నిద్ర లేదని, భయంగా ఉందని, దేవుని మీద కోపంగా కూడా ఉందని ఆయనకు చెప్పండి. తర్వాత ఆయన చేతిని మీ తల మీద పెట్టుకుని, "నా కోసం ప్రార్థన చేస్తారా?" అని అడగండి.